ఓడ దిగి తిన్న అన్నం

చేపలు తిని పెరిగినవాళ్ళకు ఒక సంగతి తెలుసు. గొంతులో ముల్లు ఇరుక్కుంటే అన్నం ముద్ద చేసి నమలకుండా మింగమంటారు. ముల్లు దిగిపోతుంది. నాకు కొన్నేళ్ళుగా ఒకటి ఇరుక్కుని ఉంది. ఎన్ని ముద్దలు మింగినా దిగలేదు. మా ఆయనకు చెప్పలేదు, మా అమ్మకు చెప్పలేదు, గుళ్ళో నిలబడ్డప్పుడు కూడా వేరే కోరికలేవో కోరుకుని వచ్చేశాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

నేను ఎవరినీ చంపలేదు. ఎవరి సొమ్మూ కాజేయలేదు. ఆకలితో ఉన్న మనిషిని అన్నం తినమన్నాను, అంతే. వినడానికి పుణ్యంలా ఉంటుంది.

మాది బందరు దగ్గర ఊరు. మా ఆయనకు హైదరాబాదులో వంటనూనెల కంపెనీలో ఉద్యోగం. పెళ్ళయిన కొత్తలో శాలిబండలో ఒక పాత ఇంట్లో కింది వాటా అద్దెకు తీసుకున్నాం. పైన ఇంటివాళ్ళు ఉంటారు. ఇంటాయనకు ఉస్మాన్‌గంజ్‌లో నూనెల హోల్‌సేల్ దుకాణం. మా ఆయన కంపెనీ సరుకు ఎక్కువగా అమ్మేది ఆయనే. ఆయన భార్యను వీధంతా సేటమ్మ అనేది. నేను అక్కయ్యగారూ అని పిలిచేదాన్ని. ఇల్లిచ్చేటప్పుడు ఆమె పెట్టిన షరతు ఒక్కటే, ఇంట్లో నీసు వండకూడదు. వాళ్ళు పుట్టుకతో శాకాహారులు. సరేనన్నాం. అద్దెకొచ్చేవాళ్ళు దేనికైనా సరేనంటారు.

మా అబ్బాయి కడుపులో ఉన్నప్పుడు, వేవిళ్ళు తగ్గి నోటికి రుచి తిరిగొచ్చిన రోజుల్లో, మా అమ్మ ఊళ్ళోవాళ్ళ చేత ఎండు రొయ్యలు పంపింది. ఆ పొట్లం మూట విప్పకుండానే వాసన పట్టేశాను. ఎన్నాళ్ళు దాచుకున్నానో! రోజూ డబ్బా మూత తీసి వాసన చూసి పెట్టేసేదాన్ని. ఒకనాడు సేటమ్మ ఉప్పుగూడలో ఏదో పెళ్ళికి వెళ్ళింది. కిటికీలు మూసి, తలుపు కింద గోనెపట్టా కూరి, వంకాయ వేసి కూర వండాను. ఉప్పు చూడటానికి గరిటె అంచు నాలుక మీద పెట్టుకున్నాను. అప్పుడే తలుపు చప్పుడైంది.

పెళ్ళి నుంచి ముందే తిరిగొచ్చిన సేటమ్మ గుమ్మం దాటలేదు. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని బయటే నిలబడింది. కడుపుతో ఉన్నదాన్నని తిట్టలేదు, ఆ మాట కూడా ఆమే చెప్పింది. గిన్నెతో సహా తీసుకెళ్ళి వీధి మోరీలో, ఆ మురిక్కాలవలో, పారబోయమంది. పారబోశాను. ఎదురింటి దర్జీ భార్య, నీళ్ళ కోసం నిలబడ్డ ఆడవాళ్ళు, అందరూ చూశారు. తర్వాత పసుపు నీళ్ళు కలిపిచ్చింది. వాకిలంతా వంగి కడిగాను. ఆ రాత్రి మా ఆయన, తప్పు మనదే కదా అన్నాడు. అవును, తప్పు మాదే. అందుకే ఎక్కువ మండింది. తప్పు వాళ్ళదైతే కాస్త తిట్టుకుని పడుకునేదాన్ని.

ఆమె రాక్షసి అయితే ఈ కథ నాకు సులువుగా ఉండేది. కాదు. నాకు నొప్పులు వచ్చినప్పుడు మా అమ్మ ఊరి నుంచి దిగేలోపు ఆస్పత్రిలో నా చెయ్యి పట్టుకుని కూర్చున్నది ఆమే. బాలింత కాయం దంచింది ఆమే. కాళ్ళు చాపుకుని మా అబ్బాయిని కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నూనె పట్టించి నీళ్ళు పోసింది. నేను పక్కన కూర్చుని నవ్వుతూ తువ్వాలు అందించేదాన్ని. లోపల మాత్రం ఆ గిన్నె బోర్లా పడి ఉన్న మోరీ కనబడేది. మనిషి చేసిన మేలంతా ఒక పక్కన పెట్టి, ఒక్క మధ్యాహ్నాన్ని అన్నేళ్ళు ఎలా దాచుకున్నాను? తెలియదు. ఎండు రొయ్యల్లాగే దాచుకున్నాను, రోజూ మూత తీసి చూసుకుంటూ.

తర్వాత రోజులు బాగుపడ్డాయి. ఓ ఏడాది కంపెనీవాళ్ళు సరుకు బాగా అమ్మిన డీలర్లను భార్యలతో సహా సింగపూరు తీసుకెళ్ళి, అక్కడి నుంచి పెద్ద ఓడలో తిప్పుతామన్నారు. వాళ్ళను చూసుకోవడానికి వెళ్ళే ఉద్యోగుల్లో మా ఆయన కూడా ఉన్నాడు. నాకూ చోటు దొరికింది. సేటమ్మ మొదట రానంది. వాళ్ళ కూతురు పద్మకు పెళ్ళయిన చాలా ఏళ్ళకు కడుపు పండింది. కాన్పయ్యేదాకా నీసు తగిలిన గిన్నెలో నీళ్ళు కూడా తాగనని సేటమ్మ వెంకన్నకు మొక్కుకుంది. మామూలుగానే ముట్టని మనిషి, ఇంకెంత పట్టింపుగా ఉంటుందో మీరే ఆలోచించుకోండి. ఓడలో శాకాహారులకు వేరే వంటిల్లు, మార్వాడీ వంటవాడు ఉన్నారని కంపెనీవాళ్ళు ఒట్టేసి చెబితే బయల్దేరింది.

ఓడ మలేషియా తీరంలో ఆగిన రోజు మగవాళ్ళకు మీటింగు పెట్టారు. ఆడవాళ్ళను చిన్న చిన్న గుంపులు చేసి, గుంపుకో వ్యాను ఇచ్చి, సముద్రం ఒడ్డు ఊళ్ళు చూసి రమ్మన్నారు. మా వ్యానులో ఆరుగురం ఆడవాళ్ళం, ఒక గైడు. సేటమ్మ ఓడ ఎక్కినప్పటి నుంచి నా కొంగు పట్టుకునే తిరుగుతోంది. రొట్టెలు, పులిహోర పెట్టుకున్న డబ్బా ఆమె చేతిలో ఉంది. వండిన తిండి ఓడ నుంచి ఒడ్డుకు తేకూడదని రేవులో డబ్బా తీసేసుకున్నారు. ఆమె ముఖం వాడిపోయింది. షుగరు మనిషి.

ఆ ఊళ్ళు ఎలా ఉన్నాయో చెప్పకపోతే మీకు నా సంగతి అర్థం కాదు. సముద్రంలోకి కొయ్య స్తంభాల మీద కట్టిన ఇళ్ళు. పడవలకు రంగులు. దారి పొడుగునా చాపల మీద ఎర్రగా ఎండుతున్న సన్న రొయ్యలు. వ్యాను దిగగానే నాకు ఏడుపొచ్చింది. మా ఊరే. దేశం కాని దేశంలో మా ఊరి గాలి. సేటమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, ఎప్పుడు పోదాం, ఎప్పుడు పోదాం అంటోంది. ఆ కొంగు చూశాను. శాలిబండ గుమ్మంలో చూసిన కొంగే.

రెండో ఊళ్ళో భోజనానికి ఆగాం. మిగతా నలుగురూ చేపలు వేయించుకుని తింటూ ఒక బల్ల దగ్గర గలగలలాడుతున్నారు. నాకూ అక్కడ కూర్చోవాలని ప్రాణం లాగుతోంది. సేటమ్మ దూరంగా చివర బల్ల దగ్గర కూర్చుని, నువ్వు నాతోని ఉండు అంది. ఉన్నాను. గైడు ఆమె కోసం కూరగాయల అన్నం చేయించి తెచ్చాడు, మాంసం లేదు, మాంసం లేదు అని చేతులు ఊపాడు. పాపం, అతను అబద్ధం చెప్పలేదు. అక్కడివాళ్ళు రొయ్యల ముద్దను మన ఇంగువలా అన్నిట్లో వేస్తారు, దాన్ని మాంసం కింద లెక్కేయరు. ఆ పళ్ళెం బల్ల మీద పెట్టకముందే నాకు తెలిసిపోయింది.

ఆమెకు ఆకలి ఆగడం లేదు. పళ్ళెం నా వైపు జరిపింది.

“వీడు వెజ్జే అంటుండు. నాకు నమ్మకమైతలేదు. నువ్వు చూడు పిల్లా, నీ ముక్కుకు తెలుస్తది గద.”

వంగి వాసన చూశాను. నిజానికి చూడనక్కర్లేదు. అయినా చూశాను.

“ఏమీ లేదండీ అక్కయ్యగారూ. వాళ్ళ మసాలా ఏదో. తినండి.”

“నిజంగనేనా? పద్మ మొక్కున్నది, యాదుంచుకో.”

“నిజమేనండీ.”

ఆ రెండో మాటకు ముందు ఒక క్షణం దొరికింది నాకు. పక్క కొట్టులో అరటిపళ్ళ గెల వేలాడుతోంది. లేచి నాలుగు పళ్ళు కొనుక్కొస్తే సరిపోయేది. ఆ గెలను చూశాను కూడా. చూసి, ముఖం తిప్పుకున్నాను. షుగరు మనిషి, కళ్ళు తిరిగి పడిపోతే ఎవరు చూస్తారు, అందుకే తినమన్నానని తర్వాత చాలాసార్లు నాకు నేను చెప్పుకున్నాను. మీకు ఆ అబద్ధం చెప్పను.

ఆమె తింది. “మస్తుగున్నది పిల్లా” అంది. ఇంకొంచెం పెట్టించమంది. నేనే లేచి వెళ్ళి పెట్టించాను. నాకు అప్పుడు భయం వేయలేదు, జాలి వేయలేదు. సంతోషం వేసింది. కడుపు నిండినట్టుంది. చేసిన పని కంటే ఆ సంతోషమే నన్ను ఇన్నేళ్ళుగా కాల్చుకు తింటోంది. సాయంత్రం ఓడ ఎక్కాక, నువ్వుంటే నాకు ఫికర్ లేదు పిల్లా అని నా చెయ్యి నొక్కింది. నేను ఓడ కమ్మీ పట్టుకుని సముద్రం చూస్తున్నట్టు నిలబడ్డాను.

పద్మ కాన్పయింది. బిడ్డ దక్కలేదు. పేగు మెడకు చుట్టుకుందని డాక్టర్లు చెప్పారు. నేను చదువుకున్నదాన్ని, డాక్టర్ల మాటే నమ్ముతాను. అన్నంలో రొయ్యల ముద్దకూ పేగుకూ సంబంధం లేదని నాకు తెలుసు. మరి ఆ వార్త వినగానే, నమ్మనిదాన్ని, ఎందుకు వంటింట్లోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను?

సేటమ్మ డాక్టర్ల మాట నమ్మలేదు. తనవల్లనే ఏదో తప్పు జరిగిందని వెతకడం మొదలుపెట్టింది. ఏ శనివారం ఏం తిన్నాను, ఏ పూజలో ఏం మరిచాను అని తవ్వుకునేది. ఒక మధ్యాహ్నం కిందికి వచ్చింది. అన్నేళ్ళలో నా వంటింటి గడప దాటని మనిషి లోపలికి వచ్చి నేల మీద కూర్చుంది.

“ఆ ఓడ మీద నువ్వు నా పక్కకే ఉంటివి. ఏమన్న తప్పు జరిగిందా పిల్లా? దాచకు.”

దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను. చెబితే ఆమెకు అది మనవడిని మింగిన పాపమవుతుంది, చెప్పకపోవడమే దయ అనుకున్నాను. అలా అనుకోవడం ఎంత సుఖంగా ఉందో! ఏమీ జరగలేదండీ అన్నాను.

ఆమె తల ఊపింది.

“అయితే గదే. కడుపుతో ఉన్నదాని నోటికాడి కూడు మోరీల పోయించిన. నీ ఉసురే తాకింది నా బిడ్డకు. నన్ను మాఫ్ చెయ్యి.”

చేతులు జోడించింది. నాకంటే ఎంతో పెద్దది. అయ్యో, అవన్నీ నేనెప్పుడో మరిచిపోయానండీ అన్నాను. ఆమె చేతులు పట్టుకుని కిందికి దించాను. ఇంకా ఏం చేశానో తెలుసా? క్షమించాను. పెద్దమనసుతో, కళ్ళలో నీళ్ళు పెట్టుకుని, ఆమెను క్షమించాను. ఆమె వెతుకుతున్న తలుపు నేను మూసేస్తే, మిగిలిన ఒక్క తలుపూ తెరుచుకుని అందులోకి వెళ్ళిపోయింది. నా తప్పు మోస్తూ వెళ్ళిపోయింది.

ఆ వారంలోనే నాకు ఒక కొత్త స్టీలు గిన్నె తెచ్చిచ్చింది, అప్పుడు పారబోయించిన దానికి బదులు. దుకాణంలో పేర్లు చెక్కేవాడి దగ్గర కూర్చుని అంచు మీద నా పేరు చెక్కించిందట. ఇంటిపేరుతో సహా. ఇకనుంచి ఇంట్లో నీకేం కావాలంటే అది వండుకో అంది. వద్దండీ అంటే వినలేదు. వండకపోతే, నేనింకా మనసులో పెట్టుకున్నాననుకుంటుంది.

పద్మకు మళ్ళీ కడుపు పండలేదు. మేము ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉన్నాం. వేరే ఇల్లు చూద్దామని మా ఆయన రెండుసార్లు అన్నాడు. నేనే కదల్లేదు. పారిపోయినట్టుంటుందనా? లేక, ఏదో ఒకరోజు చెబుతాననా? ఏ ధైర్యమూ లేనిదాన్ని, ఉండి చేస్తున్నదేమిటో నాకే తెలియదు.

ప్రతి ఆదివారం చేపలు తెచ్చి ఆ గిన్నెలో పులుసు పెడతాను. వాసన పైకి వెళుతుంది. సేటమ్మ పైన కిటికీ వేసుకోదు. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకోదు. మంచం మీద కూర్చుని అంతసేపూ ఆ వాసన భరిస్తుంది. అది ఆమె తనకు తాను వేసుకున్న శిక్ష. ఒకసారి ఆలస్యమైతే పైనుంచి కేకేసింది, “ఏం పిల్లా, ఇయ్యాల వండలేదా?” అని.

మా ఆయన, మా అబ్బాయి తింటారు. నాకు ముద్ద దిగదు. ఓడ దిగి వచ్చినప్పటి నుంచి దిగదు. నా వంతు మిగిలింది గిన్నెతో తీసుకెళ్ళి, వీధిలో ఎవరూ లేనప్పుడు, అదే మోరీలో పారబోసి వస్తాను. గిన్నె మాత్రం తెచ్చుకుంటాను. నా పేరుంది కదా దాని మీద.

రేపు ఆదివారం. మళ్ళీ వండుతాను, ఆమె మళ్ళీ అడుగుతుంది. అడిగినప్పుడల్లా నోటిదాకా వచ్చి ఆగిపోయే మాట ఒకటుంది. ఆమెకు చెప్పలేను. ఒక్కసారైనా పూర్తిగా బయట పెట్టాలని మీకు రాస్తున్నాను.

అక్కయ్యగారూ, ఆ అన్నంలో రొయ్యలున్నాయి. నాకు తెలుసు. తెలిసే తినమన్నాను.