రెండద్దాల కిటికీ, అత్తమ్మకు వినిపించిన పిలుపు

దయ్యాల గురించి ఎవరైనా మాట మొదలుపెడితే లేచి వంటింట్లోకి వెళ్ళిపోయే మనిషిని నేను. మాది క్రైస్తవ కుటుంబం. చిన్నప్పుడు కరీంనగర్‌లో ఉన్నప్పుడు కరెంటు పోతే అందరూ ఒకచోట చేరేవాళ్ళు. మా నాన్న మాత్రం నన్నే చీకట్లోకి పంపి నీళ్ళు తెమ్మనేవారు. అట్లా పెరిగాను కాబట్టి భయాలు లేవు, నమ్మకాలు అసలే లేవు. ఇప్పుడు రాయబోయేది చదివి నేను మారిపోయానని అనుకోవద్దు. నా కళ్ళముందు జరిగింది, జరిగినట్టు రాస్తున్నాను.

పెళ్ళయి, మరాఠీ మాట్లాడే మగ్గాల ఊరు భివండి వచ్చాక శాంతి నగర్‌లో మూడో అంతస్తు ఫ్లాట్‌లో ఉంటున్నాం. మా ఆయన ప్రభాకర్ మాన్కోలిలో ఒక గోదాములో సూపర్‌వైజర్. మాతో మా అత్తమ్మ దీనమ్మ ఉంటుంది. మా కిటికీకి ఎదురుగా సన్నటి గల్లీ, గల్లీ దాటితే పాత రేకుల షెడ్డు. అందులో మరమగ్గాలు. ఇక్కడి మన తెలుగువాళ్ళు వాటిని సాంచాలంటారు. అవి నడుస్తున్నంత సేపు స్టీలు గిన్నెలు గూట్లో కూడా సన్నగా వణుకుతుంటాయి.

నాది ఇంటినుంచి చేసే ఫోన్ల ఉద్యోగం. పార్సిల్ రాలేదని ఫోన్ చేసేవాళ్ళకు హిందీలో, మరాఠీలో, తెలుగులో జవాబు చెప్పాలి. సాంచాల మోతకు అవతలివాళ్ళు "మేడమ్, మీరు ఫ్యాక్టరీలో ఉన్నారా" అని అడిగేవాళ్ళు. ఉద్యోగం పోయేలా ఉందని మా ఆయన రెండద్దాల కిటికీ పెట్టించాడు. రెండు అద్దాలు, మధ్యలో గాలి చొరబడకుండా మూసేసిన ఖాళీ, చుట్టూ ప్లాస్టిక్ ఫ్రేము, రబ్బరు పట్టీలు. మూసి పిడి తిప్పగానే సాంచాలు ఎవరో బొంత కప్పినట్టు అణిగిపోయాయి. ఆ రోజు నేను కిటికీ ముందు నిలబడి మూసీ తెరిచీ, మూసీ తెరిచీ చూసుకున్నాను.

కానీ భివండిలో దూది దుమ్ము వెళ్ళని చోటు లేదు. కొన్నాళ్ళకు రెండు అద్దాల మధ్య తెల్లటి మసక కమ్మింది. లోపలినుంచి తుడిచినా, బయటినుంచి తుడిచినా పోదు. అంచుల సీలు పోయి మధ్యలోకి తేమ చేరిందట. వర్షాలు మొదలయ్యేసరికి అవతలి షెడ్డు ఒక నల్లటి మరకలాగ మాత్రమే కనిపించేది. తర్వాత కిటికీ రెక్క కిందికి జారి ఫ్రేముకు తగులుకుంది. పిడి సగం తిరిగి ఆగిపోయేది. కింది గాడిలో వాననీళ్ళు నిలిచి ఇంట్లోకి కారేవి. బిగించినవాళ్ళకు ఫోన్ చేస్తే ఒకతను వచ్చి చూసి, అద్దం జోడీ మొత్తం మార్చాలి, వానలు తగ్గాక వస్తామని చెప్పి వెళ్ళిపోయాడు. ఆ కిటికీని అట్లాగే వదిలేశాం. నెలల తరబడి తెరవలేదు.

ఇక్కడ మా అత్తమ్మ గురించి చెప్పాలి. పదహారేళ్ళకు మావయ్య వెంట ఈ ఊరు వచ్చింది. మావయ్య తొందరగానే పోయాడు. ఎదుటి షెడ్డులోనే నూలు కండెలు చుట్టే మెషిన్ మీద పనిచేసి మా ఆయన్నీ, మా ఆడబిడ్డనీ పెంచింది. ఆ మోతలో పనిచేసీ పనిచేసీ చెవులు పోయాయి. వినికిడి మెషిన్ కొనిచ్చాం. అది పెట్టుకుంటే తలకాయ నొస్తదంటుంది. చర్చికి పోయేటప్పుడు తప్ప పెట్టుకోదు. మనం ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదాలు చూసి సగం పట్టేస్తుంది. వెనకనుంచి ఎంత అరిచినా లాభం లేదు. ఆమెను జాలిగా చూసే మనిషిని నేనింతవరకు చూడలేదు. చూడనివ్వదు.

ఆ శుక్రవారం నాకు సెలవు. శుక్రవారం సాంచాలకు కూడా సెలవే. పొద్దున్నే కిటికీ కింద నీళ్ళు తుడుస్తుంటే అత్తమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది.

"అద్దం మనతోని కాదు. తక్కినయి ఎందుకు కావు? పట్టు, చూద్దాం" అంది.

ఇద్దరం కూర్చున్నాం. నేను ఫోన్‌లో వీడియోలు చూసి ఒక్కొక్కటీ చెప్పడం, ఆమె నా పెదాలు చూసి చెయ్యి కలపడం. రెక్క లోపలికి తెరుచుకునే రకం. ఆమె భుజం ఆనించి రెక్కను పైకి ఎత్తి పట్టుకుంటే నేను పిడి తిప్పాను. కిర్రుమని తెరుచుకుంది. కింది గాడిలో నీళ్ళు బయటికి పోవడానికి చిన్న రంధ్రాలుంటాయని నాకు అప్పటిదాకా తెలియదు. అవి దూదితో బిగుసుకుపోయి ఉన్నాయి. అత్తమ్మ హెయిర్‌పిన్ను వంచి, దూదిని తెగకుండా తాడులాగ మెల్లగా లాగింది. గాడిలో చెంబెడు నీళ్ళు పోస్తే గటగటా బయటికి పోయాయి. ఆమె ముఖం చూడాలి అప్పుడు.

పిడి లోపలి దుమ్ము బ్రష్‌తో దులిపి నూనె చుక్కలు వేశాం. మూలల్లో కుంచించుకుపోయిన రబ్బరు పట్టీ తీసి, మార్కెట్టునుంచి తెచ్చిన కొత్తది నొక్కాం. కడకు కీలు మిగిలింది. అందులో ఒక మర ఉంది, దాన్ని ఎల్ ఆకారపు చిన్న పానాతో తిప్పితే రెక్క పైకి లేస్తుంది. నేను కొంచెం తిప్పడం, ఆమె అడుగున కాగితం పెట్టి లాగి చూడడం. కాగితం అడ్డు లేకుండా వచ్చేదాకా నన్ను వదల్లేదు. అయిపోయాక పిడి ఒక్క వేలితో తిరిగింది. మసక మాత్రం అట్లాగే ఉంది.

మధ్యాహ్నం తిన్నాక కిటికీ మూసి పిడి బిగించాను. కరెంటు పోయింది. ఫ్యాన్ ఆగింది, ఫ్రిజ్ ఆగింది. మా ఇంట్లో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. అత్తమ్మ కిటికీకి వీపు పెట్టి మంచం మీద కూర్చుని చాటలో బియ్యం ఏరుతోంది. నేను ఆమె వెనక, కిటికీ పక్కన కుర్చీలో బట్టలు మడత పెడుతున్నాను. ఆమె చెవి మెషిన్ డబ్బాలో, అల్మారాలో ఉంది. ఇది నేను తర్వాత తెరిచి చూసుకున్నాను కూడా.

అత్తమ్మ చెయ్యి ఆగింది. తల పైకెత్తింది.

"ఆఁ, వస్తున్న" అంది.

గొణుక్కున్నట్టు కాదు. పక్కింటివాళ్ళు పిలిస్తే పలికినట్టు, గట్టిగా, మామూలుగా అంది. చాట పక్కన పెట్టి లేచింది. ఎటు వెళ్ళాలో తెలిసినట్టు నేరుగా కిటికీ వైపు తిరిగింది.

"ఏందత్తమ్మా?" అన్నాను. ఆమె చూపు నా మీద లేదు కాబట్టి వినబడలేదు. చేతికందే దూరంలో ఉన్న నా గొంతు వినని మనిషి, ఎవరికో జవాబిచ్చి నన్ను దాటుకుని వెళ్ళి పిడి తిప్పి కిటికీ తెరిచింది.

కాలిన దూది వాసన గుప్పున కొట్టింది. ఎదుటి షెడ్డు రేకుల కిందనుంచి బూడిదరంగు పొగ వస్తోంది. మంట లేదు. గల్లీలో ఎవరూ లేరు. కిటికీ మూసి ఉంటే మాకు ఆ వాసన తెలిసేది కాదు, మసకలోంచి పొగ కనిపించేదీ కాదు.

నేను బిగుసుకుపోయాను. ఆమె బిగుసుకుపోలేదు. ఒక్కసారి పొగను పైనుంచి కిందికి చూసి నా భుజం పట్టుకుంది.

"లోపట మనిషున్నడు. ఉరుకు. పెద్ద తలుపు కాడికి పోకు, అది తెరిస్తే గాలికి మంట లేస్తది. సందు దిక్కు చిన్న తలుపుంటది, తీగ చుట్టి ఉంటది. ఎన్క నీళ్ళ డ్రమ్ము కూడ ఉంటది."

మెట్లు ఎట్లా దిగానో గుర్తులేదు. కింద, రోడ్డు వైపున్న చాయ్ దుకాణంలో కూర్చున్నవాళ్ళను పిలుచుకుని పరుగెత్తాను. ఎవరో పెద్ద తలుపు వైపు వెళ్ళబోతే పైనుంచి అత్తమ్మ గొంతు వచ్చింది, "ఉధర్ నై, ఇధర్ సే", అటు కాదు ఇటునుంచి అని. చెవుడు వల్ల ఆమెది పెద్ద గొంతు. గల్లీ అంతా వినిపించింది. చేత్తో దారి చూపిస్తూనే ఉంది. చిన్న తలుపు ఆమె చెప్పిన చోటే ఉంది. తీగ విప్పి లోపలికి వెళ్ళినవాళ్ళు, తడిగుడ్డలు ముఖానికి కట్టుకుని, ఒక మనిషిని చేతుల మీద మోసుకొచ్చారు. రాంసూరత్ అని, ఉత్తరాది ముసలి కార్మికుడు. ఆ ఏడే ఆ షెడ్డులో చేరాడట. సెలవు రోజు రొట్టెలు చేసుకుని స్టవ్ సరిగా ఆర్పకుండా పడుకుంటే, పక్కనున్న దూది చెత్త రాజుకుంది. పొగకు స్పృహ తప్పాడు. డ్రమ్ములో నీళ్ళతో అక్కడికక్కడే ఆర్పేశారు. ఫైరింజన్ వచ్చేసరికి తడిసిన చెత్త మాత్రమే మిగిలింది.

అతను బతికాడు. ఆసుపత్రినుంచి వచ్చాక మా ఇంటికి వచ్చి అత్తమ్మ కాళ్ళు పట్టుకోబోతే ఆమె కోప్పడి, కూర్చోబెట్టి అన్నం పెట్టింది. నువ్వేమైనా కొట్టావా, అరిచావా అని నేను హిందీలో అడిగాను. నిద్రపోయింది గుర్తుంది, ఆసుపత్రిలో కళ్ళు తెరిచింది గుర్తుంది, మధ్యలో ఏమీ లేదన్నాడు.

నేనట్లా అడగడానికి కారణముంది. ఆ సాయంత్రమే అత్తమ్మను ఎదురుగా కూర్చోబెట్టి అడిగాను, లోపల మనిషున్నట్టు నీకెట్లా తెలిసిందని.

"పిలిచిన్రు గద" అంది.

"ఎవరు పిలిచిన్రు?"

"ఎవరో. మనిషి కనబడలే. దెబ్బలు ఇనబడ్డయి."

అప్పుడు చెప్పింది. సాంచాలు నడుస్తుంటే షెడ్డులో గొంతు పనిచేయదు. అందుకని పానాతో ఇనుప స్తంభం మీద కొట్టి పిలుచుకునేవాళ్ళట. ఒక్కొక్కరికి ఒక్కో వరస. అత్తమ్మది రెండు దెబ్బలు దగ్గరగా, కాస్త ఆగి ఇంకొకటి. మంచం పట్టీ మీద వేళ్ళతో కొట్టి చూపించింది. ఆ వరసతో ఆమెను పిలిచినవాళ్ళలో కొందరు ఊళ్ళకు వెళ్ళిపోయారు. ఎక్కువమంది చనిపోయారు. ఇప్పుడా షెడ్డులో ఆమె వరస తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు.

మా పాస్టరుగారు విని, దేవుడు ఎవరి చేతనైనా పని చేయించుకుంటాడన్నారు. మా ఆయన, వేడికి ఇనుము టకటకమని ఉంటుంది, ఆ అదురు నేలగుండా అమ్మకు తెలిసి ఉంటుందన్నాడు. అదే నిజమైతే నాకు సంతోషమే. కానీ రెండు కట్టడాలకూ మధ్య గల్లీ ఉంది. మేం మూడో అంతస్తులో ఉన్నాం. పైగా అదే గదిలో, మంచి చెవులతో, కిటికీని ఆనుకుని కూర్చున్న నాకు ఏమీ వినబడలేదు.

వాదన తెగక ఇంకో శుక్రవారం పరీక్షించి చూశాం. షెడ్డు యజమాని సేటు అనుమతితో మా ఆయన షెడ్డులోకి వెళ్ళి పానాతో స్తంభాన్ని కొట్టాడు. నేను కిటికీ మూసి, ఫ్యాన్ ఆపి, అరచెయ్యి అద్దానికి ఆనించి కూర్చున్నాను. అత్తమ్మ మంచం మీద ఉంది. ఫోన్‌లో ఆయన చెప్తూనే ఉన్నాడు, ఇప్పుడు మెల్లగా, ఇప్పుడు గట్టిగా, ఇప్పుడు అమ్మ వరసలో అని. ఫోన్‌లో వినబడుతోంది. గదిలో ఏమీ లేదు. చేతికి కూడా ఏమీ తగల్లేదు.

అత్తమ్మ ముందుకు వెళ్ళి నిలబడి చెప్పాను, నీ కొడుకు అక్కడ నీ వరసే కొడుతున్నాడు, ఏమన్నా వినబడిందా అని. ఆమె నవ్వింది.

"వాడు కొడితే నాకెట్ల ఇనబడతది బిడ్డా? వాడు పని లేక కొడుతున్నడు. ఆ దినం పని ఉండి పిలిచిన్రు."

అంతకంటే ఆమెకు ఆలోచన లేదు. ఎవరు పిలిచారన్నది ఆమెను ఎన్నడూ వేధించలేదు. నన్ను మాత్రం ఇంకా వేధిస్తూనే ఉంది. నాకు తోచిన ప్రతి కారణాన్నీ ఆ గదిలో పెట్టి చూశాను, ఒక్కటీ ఇమడలేదు. ఆ పిలుపు నేను వినలేదు. దానికి ఆమె పలకడం మాత్రం విన్నాను.