చిటికెనవేలంత నడక

మొన్న మా మనవరాలు నన్ను పలాసలో ఒక కాలేజీ హాలుకి లాక్కుపోయింది. బొమ్మల చేత సినిమా ఆడించే విద్య మీద ప్రదర్శనట. ఈ వయసులో నాకు బొమ్మలేమిటే అంటే వింటేనా! తీరా వెళ్ళాక నేనే అక్కణ్ణుంచి కదల్లేదు. జానెడు మనుషులు, వాళ్ళ లోపల తీగల ఎముకలు, గోరంత చెంబులు, అగ్గిపెట్టెలంత పెట్టెలు. ఒక బల్ల దగ్గర ఓ పిల్ల బొమ్మ కాలు కాస్త జరిపి, తన చెయ్యి వెనక్కి తీసుకుని, ఫోటో తీస్తోంది. మళ్ళీ కాస్త జరుపుతోంది. అలా ఇరవై నాలుగు ఫోటోలు తీస్తే తెరమీద ఒక్క సెకను నడుస్తుందట. "మధ్యలో ఎవరైనా బొమ్మని తీసేస్తే?" అని అడిగాను. "ఇంకేముంది మామ్మగారూ, మళ్ళీ మొదట్నుంచే" అని నవ్విందా పిల్ల. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఉద్దానంలో మా ఇంటి పక్కనే మా చిన్నమ్మ, అంటే అమ్మ చెల్లెలు, ఉండేది. నాకప్పుడు ఏడేళ్ళుంటాయేమో. మా వైపు మగవాళ్ళు ఓడెక్కి కూలికి రంగూన్ పోయే రోజులవి. చిన్నాన్న కూడా "ఏడాదికి ఒచ్చేత్తాను" అని వెళ్ళాడు. అలా వెళ్ళినవాళ్ళ భార్యలు గోడమీద రోజుకో సున్నపు చుక్క పెట్టి లెక్క చూసుకునేవారు. మా చిన్నమ్మకి చుక్కలు ఆనలేదు. కొబ్బరిపీచుతో ఒక మనిషిని పేనింది. నెత్తిన గుడ్డపీలిక పాగా, చంకలో మూట. వసారాలో గోడ వెంబడి రెండు బారల మట్టి తిన్నె ఉండేది. దాని ఆ చివర బొమ్మని నిలబెట్టి, రోజూ పొద్దున్నే చిటికెనవేలి వెడల్పు గుమ్మం వైపు జరిపేది. అలా జరిపితే ఏడాదికి బొమ్మ గుమ్మం చేరుతుందని ఆవిడ లెక్క. ఇవాళ కుడికాలు ముందుకి వంచితే రేపు ఎడమకాలు. వాన జల్లు కొడితే దాని నెత్తిన తాటాకు ముక్క కప్పేది. కోళ్ళని సరే, మమ్మల్నీ ఆ దరికి రానిచ్చేది కాదు. "ఓలే, నీ మొగుడు నత్తలాగ నడుత్తన్నాడే" అని మా అమ్మ ఏడిపించేది. "ఆగిపోనేదు కదే అప్పా" అనేది చిన్నమ్మ.

వస్తూ నాకు రంగుల గొడుగు తెస్తానన్నాడు చిన్నాన్న. ఎనిమిది నెలలు ఓపిక పట్టాను. ఇక నా వల్ల కాలేదు. చిన్నమ్మ జీడితోటకి పోయిన పూట, బొమ్మని ఎత్తి తీసుకెళ్ళి గుమ్మంలో నిలబెట్టేశాను. బొమ్మ వచ్చేస్తే మనిషీ వచ్చేస్తాడు, గొడుగూ వచ్చేస్తుంది! చిన్నమ్మ వచ్చి గుమ్మం చూసింది. నెత్తిమీద బుట్ట అక్కడే పడేసి "ఏడీ? ఏడీ?" అంటూ ఇంట్లోకి, పెరట్లోకి పరుగెత్తింది. ఆ ముఖం చూశాక నాకు ఏడుపు ఆగలేదు, చేసిన పని చెప్పేశాను. తిట్టలేదు, కొట్టలేదు. "ఏ కాడ్నుంచి తీసినావో సూపించు గుంటా" అంది. నేను ఒకసారి ఒకచోట, ఇంకోసారి ఇంకోచోట వేలు పెట్టాను. ఆ పొద్దునే తిన్నె అలికింది, గుర్తు కూడా లేదు. చిన్నాన్నతో పాటు అదే ఓడెక్కిన మనిషి తాలూకు చుక్కలు అవతలి పక్కింటి గోడమీద ఉన్నాయి. "ఆలింటి కాడ లెక్క సూసుకోయే" అంది అమ్మ. చిన్నమ్మ తల అడ్డంగా ఊపింది. "ఆల చుక్కలు ఆలవి. నా మనిసి నడక నాది" అని బొమ్మని తీసుకెళ్ళి మళ్ళీ ఆ చివర పెట్టింది.

నాలుగు నెలలకి ఆ పక్కింటాయన రేకు పెట్టెతో దిగాడు. చిన్నాన్న రాలేదు. అక్కడ చెరో మిల్లుకీ పోయామని, తరవాత కబురే లేదని చెప్పాడాయన. ఊళ్ళో ఆడవాళ్ళు కళ్ళొత్తుకుంటూ చిన్నమ్మని ఓదార్చడానికి వచ్చారు. ఆవిడ తిన్నె చూపించి, "ఇంకా సగం కూడా నడవనేదు కదర్రా, అప్పుడే ఏడుపులేటి?" అని కసిరి పంపేసింది. వండుకుంది, తింది, నా తల దువ్వింది, రోజూ పొద్దున్నే చిటికెనవేలంత జరిపింది. బొమ్మ గుమ్మాన్ని తాకిన రోజు తోటకి పోలేదు. పొద్దుగూకేదాకా గడపమీద కూర్చుని, అప్పుడు ఏడ్చింది. అలాంటి ఏడుపు నేను మళ్ళీ వినలేదు. చిన్నాన్న ఇక రానే లేదు. నా దుడుకు పని వల్ల చిన్నమ్మకి ఎదురుచూపులో ఎనిమిది నెలలు ఎక్కువొచ్చాయి. అవి ఆవిడకి నేను ఇచ్చానో, ఆవిడ దగ్గర లాగేసుకున్నానో, ఇన్నేళ్ళ కాలం కూడా తేల్చి చెప్పలేదు.