చింతపండుతో తోమిన సొరపళ్ళ కత్తి

మా అక్క భర్త, అంటే మా బావ, ఓడ ఉద్యోగం మానేసి మలేసియాలో మా ఊరు బాగన్ దాతుక్‌లో స్థిరపడినప్పుడు వెంట తెచ్చుకున్న ఆస్తి ఒక్కటే: పసిఫిక్‌లోని కిరిబాటి దీవుల కత్తి. అందులో వీసమెత్తు ఇనుము లేదు. కొబ్బరి చేవతో చేసిన కర్ర, రెండు అంచులా సొరచేప పళ్ళు, వాటిని బిగించి కట్టిన కొబ్బరిపీచు తాడు. పళ్ళు నా లెక్కకు వెయ్యి, మా ఆవిడ లెక్కకు నలభై. ఆ దీవులవాడే అయిన ఓడ నేస్తం చనిపోయేముందు చేతిలో పెట్టాడట. బావ దాన్ని మా అక్కనైనా ముట్టనివ్వడు.

ఇంటికి రంగులు వేయిస్తూ, నాలుగు రోజులు దాచమని నాకిచ్చాడు. దాచాను. ఎక్కడ? పొదలు నరికే పరాంగ్ కత్తులు, గెలలు కోసే కొడవళ్ళు ఉండే గదిలో. నాలుగో రోజునే ఆయుధపూజ అన్న సంగతి నా మహామేధస్సుకు తట్టలేదు.

ఆ రోజు పొద్దున్న లేచి చూద్దును కదా, మా అమ్మ ఆ గదిలో పదునున్న ప్రతిదాన్నీ చింతపండుతో తోమి, బొట్లు పెట్టి, వరుసగా పేర్చింది. కొడవళ్ళ మధ్య సొరకత్తి, ఒళ్ళంతా పసుపుతో, పెళ్ళికూతురిలా. పక్కన పళ్ళెంలో ఊడిన పళ్ళు నాలుగు.

నా గుండె జారి మలక్కా జలసంధిలో పడింది.

"అమ్మా, ఏటి సేసినావే ఇది!"

"ఏటయినాదిరా? తోమితే ఊడిపోనాయి. ముసిలి పళ్ళు, ఊడవేటి?"

అంతలో బావ ఫోన్. "రంగులయిపోనాయిరా. కత్తి కోసం వచ్చేస్తన్నాను."

మోటారుసైకిల్ మీద పది నిమిషాల దూరం. ఆ పది నిమిషాల్లో నాకు పదేళ్ళు మీదపడ్డాయి. జిగురు డబ్బా పట్టుకొచ్చాను.

"సీ, పక్కకి జరుగు లా," అంది అమ్మ, మలయ్ వాళ్ళ 'లా' తోక తగిలించి. చిన్నప్పుడు కొబ్బరి ఎస్టేటులో తాళ్ళు పేనిన చేతులు ఆవిడవి. చీర మోకాలిపైకి లాగి, తొడమీద పీచు పేనడం మొదలుపెట్టింది. నాలుగో పన్ను ముడి బిగిస్తుండగా గేటు కిర్రుమంది.

బావ కత్తిని రెండు చేతులా అందుకుని, పళ్ళ మీదుగా వేలు పోనిచ్చాడు. వేలు ఆగింది.

"ఈ ముడి ఎవులేసినారు?"

నేను అబద్ధాలు వెతుక్కుంటున్నాను. పదిహేడు దొరికాయి కూడా.

"నానే బాబూ," అంది అమ్మ. "తోమితే ఊడినాయి. తప్పయిపోనాది."

బావ ఆవిడ ఎదురుగా నేలమీద చతికిలబడి, కత్తిని ఆవిడ ఒళ్ళో పెట్టాడు.

"ఇటుపక్క ఇంకో తొమ్మిది కదుల్తన్నాయి అత్తమ్మా. ఊడిపోతాయని ఇన్నేళ్ళూ నానే సరిగ్గా ముట్టలేదు. కట్టి పెడతావా?"

అమ్మ పీచు కోసం నావైపు తిరిగేసరికి నేను అక్కడ లేను. పెరట్లో ఎండుకొబ్బరికాయ మీద పడి గోళ్ళతో పీచు వలుస్తున్నాను.