మా మూల చెత్త, మా బావ పేరు

రాజాంలో నా పంక్చర్ షాపుకి దారి అడిగితే, "ఆ సెత్తకుప్ప ఉన్నాది కదా, దాని పక్కన" అని చెప్పేవారు. ఎప్పటికైనా "పంక్చర్ షాపు పక్కన చెత్తకుప్ప" అనకపోతారా అని ఎదురుచూశాను. ఎవరూ అనలేదు. ఏడో తరగతితో బడి మానేసినవాణ్ని, క్లాసులో ఎవరికన్నా ముందు రాలేదు సరే. చివరికి కుప్ప దగ్గర కూడా నాది రెండో స్థానమే.

నవ్వుతూ చెబుతున్నాను గాని, ఆ కుప్పతో నా పొట్ట మాడేది. బండి ఆపినవాడు ముక్కు మూసుకుని, గాలి కూడా కొట్టించుకోకుండా వెళ్లిపోయేవాడు. "ఇక్కడ చెత్త వేసినవాడు నా బావమరిది" అని గోడ మీద రాశాను. మా ఆవిడ చూసి, "మా అన్నని అంటన్నావేటి?" అని చీపురుతో వచ్చి నా చేతే చెరిపించింది.

ఆ అన్న, అంటే మా బావ, రోడ్డుకి అవతల ఫ్యాన్సీ షాపు నడుపుతాడు. ఇస్త్రీ చొక్కా, మెత్తని మాట. నేను జోకు వేస్తే ఆడవాళ్లు నవ్వేసి వెళ్లిపోతారు. ఆయన "ఏం తల్లీ, బాగున్నావా?" అంటే చాలు, ఆగి గాజులు కొంటారు. అది చూస్తుంటే నాకు ఒళ్లు మండేది. ఈ మూల బాగుచేసిన పేరైనా నాకే రావాలని పట్టుబట్టాను.

ఒకరోజు పొద్దున్నే కుప్పంతా ఎత్తించి, అక్కడ నున్నటి రాయి నిలబెట్టాను. పసుపు రాసి, కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేశాను. చెత్త బుట్టలతో వచ్చినవాళ్లు చెప్పులు విడిచి, దణ్ణం పెట్టి, వెనక్కి తిరిగారు. బావకి వినపడేలా ఈల వేశాను.

మా వాళ్ల భక్తిని నేను తక్కువ అంచనా వేశాను. ముందు ఎవరో కొబ్బరికాయ కొట్టారు. తర్వాత వాడిన దండలు వచ్చాయి. ఆ తర్వాత అద్దం పగిలిన దేవుడి పటాలు, అమ్మవారి బొమ్మ ఉన్న పాత క్యాలెండర్లు. ఇంట్లో ఉంచుకోలేక, పారేస్తే పాపమని దాచుకున్నవన్నీ నా దేవుడి దగ్గరికే చేరాయి. కుప్ప మళ్లీ లేచింది.

మా వీధికి చెత్త బండి తెచ్చే పిల్ల నన్ను వరసపెట్టి మావా అంటుంది. అంతకుముందు ఎంతో కొంత ఎత్తేది. ఇప్పుడు కళ్లకద్దుకుని వెనక్కి జరిగింది.

"దేవుడి సామాన్లు మావా. సెత్తబండిలో నాను ఎయ్యను."

అప్పుడు బావ రోడ్డు దాటి వచ్చాడు. నన్ను ఒక్క మాట అనలేదు, అదింకా మంట. పటాలు విప్పి గాజు, రేకు వేరుచేసి పొడి చెత్తకి ఇచ్చాడు. పూలు, కాగితాలు, ఆ రాయి గోనెల్లో వేసుకుని తన పొలంలో గొయ్యి తీసి పూడ్చాడు. మర్నాడు ఆ పిల్లని ఆపి, "బండి వస్తన్నా ఇక్కడెందుకు పారేస్తన్నారమ్మా?" అని అడిగాడు.

"నాను తొమ్మిదింటికి వస్తాను బాబూ. రైసు మిల్లుకీ, హాస్టల్ వంటలకీ ఎల్లీవోలు అప్పటికే తలుపులేసి ఎలిపోతారు. రాత్రి సెత్త ఇంట్లో ఎట్టుకుంటే కంపు కదా. ఎల్తా ఎల్తా ఇక్కడ ఇసిరేస్తారు."

బావ ఆమెని వెంటబెట్టుకుని శానిటరీ మేస్త్రి దగ్గరికి వెళ్లాడు. బండి ముందు మా వీధికి వచ్చి, తర్వాత మిగతా వీధులకి పోయేలా మార్పించాడు. ఇప్పుడు ఆరింటికే విజిల్ వినపడుతుంది. ఆడవాళ్లు తడి చెత్త, పొడి చెత్త చేతికిచ్చి పనికి పోతున్నారు. మూల ఖాళీ అయింది. నాకు బేరాలు పెరిగాయి. కానీ గాలి కొట్టించుకునే ప్రతివాడూ, "మీ బావగారు మంచి పని సేసినారు" అంటాడు. వాడి టైరుకి ఇంకో రెండు పంపులు ఎక్కువ కొట్టి పేల్చేద్దామనిపిస్తుంది.

మొన్న ఉండబట్టలేక ఆ పిల్లతోనే అన్నాను.

"మా బావ ఏటి సేసినాడే అంత? నిన్నో మాట అడిగినాడు, అంతే కదా! రోజూ నా షాపు ముందే కదా బండి ఆపుతావు, ఆ ముక్క నాకెందుకు సెప్పలేదు?"

ఆమె బుట్ట దులుపుతూ అంది:

"సెప్దామంటే, నువ్వు నోరు మూసిందెప్పుడు మావా?"