పౌర్ణమి పీతల పరీక్షకు నర్సాపురం రేవు దాటాం

మా ఆవిడ అన్నగారు సైన్సు మాస్టారుగా రిటైరయ్యారు. ఈ మధ్య ఆయన ఐదు వందల ఏళ్ల క్రితపు యూరప్ పండితుల గురించి చదువుతున్నారు. నేటి సైన్సు ఇంకా పుట్టని రోజులవి. ఆ పండితులు సగం జ్యోతిష్కులు, సగం పరిశోధకులు. చంద్రుడు నిండితే పీతలూ కండతో నిండుతాయని పాత గ్రంథాల్లో ఉంటే చాలామంది నమ్మారట. కొందరు మాత్రం, చేసి చూద్దాం అన్నారట.

"మన వైపు పౌర్ణమి పీత గుల్ల అంటారు కదండీ" అన్నాను. ఆయన మాటకు అడ్డు చెప్పడం నాకదే మొదలు.

"అయితే పందెం బావా! ఓడినవాడు ఆదివారం చర్చిలో మైకు ముందు పాడాలి."

నేనా, నలుగురిలో నోరు విప్పని మనిషిని.

పౌర్ణమినాడు పొద్దున్నే భీమవరంలో బస్సెక్కాం. గంటలో నర్సాపురం. అక్కడి నుంచి రేవుకు ఆటో, ఆపైన పంటు. మనుషులతో పాటు మోటారు సైకిళ్లూ కార్లూ ఎక్కే పెద్ద పడవ అది. టిక్కెట్టు చవకే. గోదారి గాలికి పందెం సంగతి కాసేపు మరిచిపోయాను. అవతలి ఒడ్డున సఖినేటిపల్లిలో పీతలు కొని, తెచ్చిన సరుకు వండిపెట్టే చిన్న హోటల్లో ఇచ్చాం.

"ఇవి పరీక్షకొచ్చాయమ్మా. ముందు ఉడకబెట్టి ఇవ్వండి" అన్నారు బావగారు.

"పాసైతే కూర వండుతాను. ఫెయిలైతే ఏం చేయమంటారండీ?" అంది హోటలావిడ.

పగలగొట్టి చూస్తే అన్నిటా కండే. "మైకు తుడిపించనా బావా?" అన్నారాయన.

అప్పుడు తట్టింది. కొనేటప్పుడు ఆయన ప్రతి పీతనూ ఎత్తి బరువు చూసి, పొట్ట నొక్కి, మెత్తగా ఉన్నవి వెనక్కి వేశారు. నేనూ నొక్కాను. మా వైపు ఎవరి చేతులైనా అంతే. చెబుదామంటే నోరు రాదు. చివరికి గట్టిగానే అనేశాను.

"బావగారూ, గుల్లవన్నీ మనమే ఏరి పారేశాం కదండీ!"

హోటలంతా ఇటు తిరిగింది. ఆయన పగలబడి నవ్వారు. "ఓరి నీ ఇల్లు బంగారంగానూ! పద."

మళ్లీ వెళ్లి, అటు తిరిగి నిలబడి, చేతికందినవి వేయమన్నాం.

"ఏంటండీ ఇది! గుల్లవి పడితే నన్ననకండి" అన్నాడు అమ్మేవాడు.

ఈసారి కొన్ని నిండు, కొన్ని గుల్ల. ఒక్క పూట పరీక్షే అనుకోండి. అయినా ఆయన పుస్తకం మాటా నెగ్గలేదు, మా ఊరి మాటా నెగ్గలేదు. కూర మాత్రం అదిరింది.

ఇద్దరం ఓడాం కాబట్టి ఆదివారం ఇద్దరమూ పాడాం. మొదటి చరణం ఆయన గొంతు చాటునే పాడాను. రెండో చరణంలో బావగారు మాటలు మరిచిపోతే నేనే అందుకున్నాను. అనుకున్నది తప్పని తేలినా ఇంత సంతోషం ఉంటుందని నాకు తెలియదు. ఆ పాత పండితులూ దాని రుచి మరిగే మళ్లీ మళ్లీ చేసి చూసి ఉంటారు.

మీరు వెళ్తే ఒక్క మాట: కూరకైతే నొక్కే కొనండి.