గంట పెద్దమ్మ తెల్ల జాకెట్టు

నేను ఇంటర్ చదివే కాలంలో మా ఊరి చర్చిలో ఫ్యాషన్ అనే మాట ప్రసంగంలో మాత్రమే వినబడేది, అదీ తాగుడుకూ జూదానికీ తరువాత. అయ్యగారు వేళ్లు మడిచి పాపాలు చెప్పేటప్పుడు మూడో వేలు దానిది. ఆ వేలు మడవగానే ఎడమవైపు చాపల మీద కూర్చున్న ఆడవాళ్లందరూ కొంగులు సర్దుకునేవాళ్లు. (నాకు కొంగు లేదు, చున్నీ ఉండేది. దాన్నే నెత్తి మీదికి లాక్కుని నేనూ వాళ్లలో కలిసిపోయేదాన్ని.) అలాంటి సంఘంలో పుట్టి, అలాంటి నాయనకు బిడ్డనై, పదిహేడేళ్ల వయసులో ఆ మూడో వేలినే కోర్సుగా చదువుకుంటానని ఇంట్లో చెప్పాను. ఇప్పుడు వనపర్తిలో కుట్టు నేర్పే నా దగ్గరికి పిల్లలు వచ్చి "మేడం, ఫ్యాషన్ డిజైనింగ్ తీసుకుంటే మంచిగుంటదా?" అని అడిగినప్పుడల్లా నాకు ముందుగా గుర్తొచ్చేది నేను చదివిన హైదరాబాదు కాలేజీ కాదు. వడ్డేపల్లి దగ్గరి మా ఊళ్లో ఒక మట్టిమిద్దె గది, అందులో బల్ల మీద పడుకోబెట్టిన ఒక ముసలామె, నా చేతిలో కత్తెర.

ఆ కోర్సు ఆలోచన నా ఒక్కదానిది కాదు. గద్వాల కాలేజీలో నా పక్కన కూర్చునే పిల్ల నేతవాళ్లమ్మాయి. ఒక్కచోట నిలవలేక క్లాసులో ఈ మూల నుంచి ఆ మూలకు తిరుగుతుంటే, మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడె పేరే ఆమెకు పెట్టాం. ఒకరోజు నాడె హైదరాబాదు కాలేజీ దరఖాస్తు ఫారాలు రెండు తెచ్చింది. ఆమె ఇంట్లో పని ఒక్క మాటతో అయిపోయింది. "మనం బట్ట నేస్తం, పేరు ఇంకొకడు పెట్టుకుంటడు. పో, ఆ పేరు పెట్టుడేందో నేర్చుకొని రా" అన్నాడట వాళ్ల నాయన. మా నాయన అంత సులభమైన మనిషి కాడు. సీడ్ పత్తి రైతు, సంఘ పెద్ద, బైబిలు వాక్యం నోటికొచ్చినవాడు. నేనూ ఆదివారపు బడిలో బహుమతులు కొట్టినదాన్నే కాబట్టి, వాక్యంతోనే ఆయన్ను గెలవాలనుకుని చేనుకు వెళ్లాను.

"నాయనా, దేవుడే మొదటి దర్జీ. తోటల ఆ ఇద్దరికి తోలు అంగీలు కుట్టి తొడిగిండు గద."

నాయన పత్తిపూలకు పుప్పొడి అంటిస్తున్నాడు. చెయ్యి ఆపలేదు. "తొడిగిండు. ఎప్పుడు? తప్పు చేసినంక. అంతకుముందు బట్టల ముచ్చటే లేకుండె."

"మరి యాజకుల అంగీ అంచుకు బంగారు గంటలు కుట్టుమని చెప్పలేదా?"

"చెప్పిండు, యాజకులకు. హైదరాబాద్ల నువ్వు ఏ యాజకులకు కుడ్తవ్ బిడ్డా?"

నా దగ్గర ఇంకో మూడు ఉదాహరణలు ఉన్నాయి గానీ, వాటిలో ఒకటి రంగురంగుల అంగీ వేసుకున్నందుకు అన్నల చేతిలో గుంట పాలైన పిల్లవాడిది. అది నాకే ఎదురు తిరుగుతుందని ఊరుకున్నాను. నాయన ఇంకో చెట్టు దగ్గరికి జరుగుతూ, "గంట పెద్దమ్మను అడుగు. ఆమె ఊఁ అంటె నేను సంతకం పెడ్త" అన్నాడు. వద్దని చెప్పడానికి ఆయనకు తెలిసిన మర్యాదైన పద్ధతి అది. నలభై ఏళ్లుగా చర్చి గంట కొడుతూ, గాజులు కాస్త గలగలమన్నా వెనక్కి తిరిగి చూసే ఆమె ఊఁ అనడం జరగని పని.

పెద్దమ్మకు ఇంకో పని కూడా ఉండేది. సంఘంలో ఆడమనిషి ఎవరు చనిపోయినా స్నానం చేయించి బట్టలు తొడిగేది ఆమే. (పెళ్లికూతుర్ని ముస్తాబు చెయ్యడానికి మాత్రం ఆమెను ఎవరూ పిలిచేవాళ్లు కారు. గాజుల సంగతి అలా ఉంచినా, ఆ చేతులంటే భయం.) నేను వెళ్లేసరికి గోడకు ఆనుకుని ఆయాసపడుతోంది. కళ్లకు పొర కమ్మి చాలా రోజులైంది. గొంతు విని నన్ను గుర్తుపట్టి కూర్చోమంది. విషయం చెప్పాను.

"ఫ్యాషనంటె ఏందే?"

"బట్టలు మంచిగ ఆలోచన చేసి కుట్టుడు పెద్దమ్మా."

"ఎవలకు?"

"అందరికి."

"సచ్చినోళ్లకు గూడనా?"

ఆమె కాసేపు ఊపిరి సర్దుకుంది. "నా పెద్దబిడ్డ పోయిననాడు ఇంట్ల సరైన గుడ్డ లేకుండె. పక్కింటోళ్ల పాత లంగ అడిగి తెచ్చి తొడిగి పంపిన. ఊరందరికి చేసినదాన్ని, నా బిడ్డకు గంతే చేసిన. ఇప్పటికీ కలలకొస్తె ఆ లంగతోనే వస్తది. నేనన్న జర మంచిగ పోవాలె. నాకొక తెల్ల రైక కుట్టు. మంచిగుంటె మీ నాయనకు నేనే చెప్త."

"ఎప్పుడు చెప్తవ్ పెద్దమ్మా?"

"వేసుకున్నంక."

నేను వందనాలు చెప్పి గాలిలో తేలుతూ బయటికొచ్చాను. చర్చి మలుపు దాకా వచ్చాక గానీ నా కాళ్లు ఆగలేదు. ఆగిన చోటి నుంచి వెనక్కి పరిగెత్తాను.

"పెద్దమ్మా, వేసుకున్నంక నువ్వెట్ల చెప్తవ్?"

"అది నా పరేషాన్. నీకెందుకు? కొలతలు తీస్కో."

కొలతలు తీసుకున్నాను. గుడ్డ నాడె తెచ్చింది. ఎందుకో తెలిసి వాళ్లమ్మ మొదట ముఖం చిట్లించిందట. వాళ్ల మగ్గం మీది గుడ్డ పెళ్లిళ్లకు వెళ్తుంది గానీ ఇలాంటి వాటికి కాదు. తరువాత "పొయ్యేటామెకు ముతకది ఎందుకే" అని, కట్టిన పొట్లం విప్పి సన్ననూలు గుడ్డ మార్చి ఇచ్చిందట. అంత మంచి గుడ్డ మీద అంతకుముందు నేనెప్పుడూ కత్తెర పెట్టలేదు. నెల రోజులు కుట్టాను. మోచేతుల దాకా అతుక్కున్నట్టుండే చేతులు, ముందు కనబడకుండా దాచిన హుక్కులు, మెడ దగ్గర సన్నటి మడత. ఇవన్నీ ఒక ఎత్తు, వెనకభాగం ఒక ఎత్తు. ఫోనులో చూసిన డిజైన్లన్నీ వెనకే ఉండేవి కాబట్టి, మెడ నుంచి నడుము దాకా తెల్లగుడ్డ మీద తెల్లదారంతో ద్రాక్షతీగ, దానికి ఏడు గుత్తులు కుట్టాను. వాక్యంలో ద్రాక్షతీగ ఉంది కాబట్టి అది ఫ్యాషన్ కింద రాదని నా ధైర్యం.

తీసుకెళ్లి ఒళ్లో పెట్టాను. కళ్లతో పని లేక ఆమె వేళ్లతో చూసింది. చేతులు లాగి చూసింది, హుక్కులు తడిమింది. వెనక తీగ మీదికి వచ్చేసరికి వేళ్లు ఆగాయి.

"ఎనక ఇంత పనెందుకే? నేను బోర్ల పండుకోను గద."

"అది డిజైన్ పెద్దమ్మా."

ఆమె ఒక్కో గుత్తినీ తాకుతూ కిందిదాకా వెళ్లింది. తరువాత బొటనవేలి గోరుతో మెడ నుంచి అంచు దాకా నిట్టనిలువుగా ఒక గీత గీసింది. గుడ్డ మీద ఆ గీత క్షణం నిలిచి మాయమైంది. ఎందుకు గీసిందో నాకు తెలియలేదు. "మంచిగున్నది" అంది. ఒకసారి తొడిగి చూసుకొమ్మంటే ఒప్పుకోలేదు. "ఒక్కపారే తొడుగుతరు. ఆ పారే చూద్దం" అని మడిచి పెట్టెలో పెట్టేసింది.

ఫారం పంపడానికి ఇంకా మూడు వారాల గడువుంది. దాచుకోకుండా రాస్తున్నాను, ఎందుకంటే దాచినా ప్రయోజనం లేని చోట ఇది ఎప్పుడో నమోదై ఉంది. ఆదివారం పొద్దున చర్చి గంట మోగితే పెద్దమ్మ బాగుందని అర్థం. మొదటి ఆదివారం గంట మోగింది, నేను ఫారానికి మిగిలిన రోజులు లెక్కపెట్టుకున్నాను. మోకాళ్ల మీద కూర్చుని "ప్రభువా, నీ చిత్తమైతే" అని మొదలుపెట్టి అక్కడే ఆపేశాను, మిగతా సగం ఆయన చెవిన పడకుండా నా దగ్గరే దాచుకోగలిగినట్టు. ఆ వారమే పెద్దమ్మకు ఆయాసం తగ్గింది. రెండో ఆదివారం గంట ఇంకా గట్టిగా కొట్టి, లోపలికి వచ్చి నిలబడి, తనను స్వస్థపరిచినందుకు సాక్ష్యం చెప్పింది. సంఘమంతా ఒక్క గొంతుతో హల్లెలూయా అంది. నాది కాస్త ఆలస్యంగా, ఒంటరిగా వినబడింది. నాయన మగవాళ్ల వైపు నుంచి తలెత్తి నన్ను చూశాడు.

ఆ తరువాతి బుధవారం పొద్దున పెద్దమ్మ మంచంలోనే ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది. కబురు తెలియగానే నాకు ఏడుపు రాలేదు. నేను సగంలో ఆపిన ప్రార్థనను ఆయన పూర్తిగా విన్నాడనుకున్నాను. ఒక ఫారం మీద సంతకం కోసం ఒక మనిషి ప్రాణాన్ని అడిగాను. అది అలా కాదని ఎన్నో ఏళ్ల తరువాత ప్రార్థనలోనే నెమ్మది దొరికింది గానీ, ఆ పొద్దు మాత్రం నేను మా ఇంటి నుంచి ఆమె ఇంటికి నడిచిన నడక హంతకురాలి నడకే.

కల్వకుర్తి నుంచి చుట్టాలు వచ్చేదాకా ఆగి, మధ్యాహ్నం స్నానం చేయించారు. పెద్దమ్మ లేదు కాబట్టి ఆ పని మా మేనత్త మీద పడింది. జాకెట్టు కుట్టినదాన్నని నన్నూ లోపలికి పిలిచింది. ఎడమచేతికి తొడగబోతే జాకెట్టు చెయ్యి మణికట్టు దాటి మోచెయ్యి దాకా వచ్చి ఆగిపోయింది. చెయ్యి మడవదు. భుజం వెనక్కి రాదు. ఇంకొకరు నడుము పట్టి లేపారు, ఇంకొకరు లాగారు. కుట్టు చిటుక్కుమంది. నెల రోజులు కూర్చుని నేను కుట్టింది, తన చేతులు తాను ఎత్తగలిగే మనిషి కోసమని అప్పుడు అర్థమైంది.

మేనత్త నుదురు తుడుచుకుంది. "ఎనక కొయ్యాలె. అందరికి గట్లనే చేస్తం. ముందు నుంచి తొడిగి కిందికి దోపుతం. ఇన్నేండ్లు పెద్దమ్మనే కోసింది."

"అయితే నువ్వు కొయ్యి అత్తా."

"నేను కొయ్యొద్దంట. పోయిన వారమే చెప్పింది. నా రైక ఎవలు కుట్టిండ్రో వాళ్లతోనే కోపియ్యి అన్నది. ఆమె మాట నేను దాటలేను." కత్తెర నా చేతిలో పెట్టింది.

జాకెట్టును ఆ చేతి నుంచి తీసి, వెనకభాగం పైకి తిప్పి ఒళ్లో పరుచుకున్నాను. కత్తెర ఎక్కడ పెట్టాలో వెతుక్కోవలసిన పని లేదు. గోరుతో ఆమె గీసిన గీత నా కళ్లకు మళ్లీ కనబడింది. ఆమెకు తెలుసు. వేళ్లతో తడిమిన రోజే తెలుసు. మెడ దగ్గర మొదలుపెట్టాను. తీగ మీదికి వచ్చినప్పుడల్లా దారాలు కరకరమన్నాయి. ఏడు గుత్తుల్లో మూడు అటు పోయాయి, మూడు ఇటు పోయాయి, మధ్యలోది నిలువునా రెండైంది. నాకు అప్పుడు ఏడుపు వచ్చింది. అందులో పెద్దమ్మ కోసం ఎంత, ద్రాక్షగుత్తి కోసం ఎంత అని అడిగితే ఈ రోజుకీ నిజాయితీగా చెప్పలేను.

తరువాత సూది దారం అడిగాను. రెండు ముక్కలనూ చెరో చేతికీ తొడిగి, హుక్కులు పెట్టి, కోసిన అంచులను వీపు కిందికి మడిచి, భుజాల దగ్గర గుడ్డ లేవకుండా నాలుగు కుట్లు వేసి, చీర కొంగును వాటి మీదికి తెచ్చి ఇంకో రెండు వేశాను. నా వేలు ఆమె మెడకు తగిలినప్పుడల్లా "నొప్పి లేదు గద పెద్దమ్మా" అంటున్నానట. ఆ సంగతి మేనత్త తరువాత చెప్పింది. నాకు గుర్తు లేదు.

పెట్టెలోకి ఎత్తడానికి మగవాళ్లు వచ్చారు. నాయన తల దగ్గర నిలబడి చాలాసేపు చూశాడు. "బతికున్నన్ని రోజులు ఈమె రైక ఒక్కనాడు భుజం మీద నిలవకపోతుండె" అన్నాడు మెల్లగా, ఎవరితోనూ కాకుండా. "ఇయ్యాల మంచిగ కూసున్నది."

భూస్థాపన అయ్యాక ఇంటి గడప దగ్గర కాళ్లు కడుక్కుంటూ, "ఆ కాగితం ఏడున్నది?" అని అడిగాడు.

ఏ కాగితమో తెలిసి కూడా, వెర్రిదాన్ని, "పెద్దమ్మ నీకేం చెప్పలేదు గద నాయనా" అన్నాను.

"చెప్పింది. వేసుకున్నంక చెప్త అన్నది నాతోని గూడ. ఎట్ల చెప్తవే అంటె, చూస్తె తెలుస్తది తియ్యి అన్నది." తువాలుతో చేతులు తుడుచుకుని, జేబులోంచి పెన్ను తీశాడు.

హైదరాబాదు ఇంటర్వ్యూలో నాడె అందమైన ఫైలు తీసుకొచ్చింది. నా ఫైలు పలచగా ఉంది. "నీ పనుల్లో అన్నింటికంటే మంచిది ఎక్కడమ్మా?" అని అడిగారు. "సమాధిలో ఉంది సార్" అన్నాను. వాళ్లు పెన్నులు కింద పెట్టారు. ఆ తరువాత జరిగినదంతా చెప్పవలసి వచ్చింది, సీటు వచ్చింది. నాడె ఇప్పుడు గద్వాలలోనే చీరల అంచులకు డిజైన్లు గీస్తోంది, తన పేరుతోనే. నేను నా దగ్గర చేరే పిల్లలతో మొదటి రోజు కాగితం మీద బొమ్మలు గీయించను. ఒకరిని బల్ల మీద పడుకోబెట్టి, చెయ్యి ఎత్తకు, తల ఎత్తకు అని చెప్పి, మిగతావాళ్లను జాకెట్టు తొడగమంటాను. పిల్లలు మొదట నవ్వుతారు, కాసేపటికి చెమటలు పడతాయి. దవాఖానలో మంచాన పడ్డవాళ్లకు తేలిగ్గా తొడిగే బట్టలు కుట్టడం వాళ్లలో ముగ్గురు నలుగురు ఆ బల్ల దగ్గరే నేర్చుకున్నారు. అది ఫ్యాషనేనా మేడం అని అడిగితే, మూడో వేలి సంగతి చెప్పి నవ్వేస్తాను.

ఒకసారి అయ్యగారిని అడిగాను, కడబూర మోగిన రోజున పెద్దమ్మ వెనక కోసిన జాకెట్టుతోనే లేస్తుందా అని. "అక్కడ మహిమ వస్త్రాలు ఇస్తారమ్మా, దిగులు పడకు" అన్నారు. ఆ మాట మనసారా నమ్ముతాను. అయినా ఆ ద్రాక్షతీగను అక్కడ ఒక్కసారి అందరూ చూస్తే బాగుండునని లోపల ఒక చిన్న ఆశ. ఈ వయసుకే నా తెల్ల జాకెట్టు నేనూ కుట్టుకుని పెట్టెలో పెట్టుకున్నాను, ఒళ్లు చేసి ఇప్పటికే రెండుసార్లు వదులు చేశాను. వెనక తెరిచే ఉంచాను, కట్టుకోవడానికి నాలుగు నాడాలు పెట్టాను. తీగ కుట్టకుండా ఉండలేకపోయాను. దాన్ని మాత్రం రెండు పాయలుగా కుట్టాను, అటు మూడు గుత్తులు, ఇటు మూడు, మధ్యలో పెద్దమ్మ గోటి గీతంత దారి వదిలి.