‘సా వా’ అంటే

మా తమ్ముడు ఓడలో పనిచేస్తాడు. జారిపడి నడుం విరిగితే, దారిలో ఉన్న రీయూనియన్ దీవిలో దించి, ఆసుపత్రిలో చేర్పించి, ఓడ దాని దారిన అది పోయింది.

ఈ రోజు ద్వారకా నగర్‌లో ట్రావెల్స్ ఆఫీసుకెళ్ళి అక్కడికెలా వెళ్ళాలని అడిగాను. మారిషస్‌లో విమానం మారాలట, అగ్నిపర్వతం చూడాలంటే పొద్దున్నే బయల్దేరాలట, అక్కడ అంతా ఫ్రెంచేనట. హనీమూన్ ప్యాకేజీ కూడా ఉందట. మా అమ్మకి పాస్‌పోర్టే లేదు.

సాయంత్రం ఆసుపత్రికి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాను. తమ్ముడి పేరు చెప్పగానే నర్సు "సా వా" అంది. అంతలో లైను కట్టయింది. మాది ఎలమంచిలి పక్క పల్లె, చావుని సావు అనే నోళ్ళు మావి. అమ్మ అక్కడే కూలబడిపోయింది.

"బాగున్నాడని చెప్తోందమ్మా, ఫ్రెంచిలో అంతే" అన్నాను, ఎక్కడో విన్న గుర్తుతో.

"మంచి కబురు సెప్పడానికి ఆళ్ళకి ఇంకో మాట దొరకనేదేట్రా?" అంది ఏడుస్తూనే.

నాకు నవ్వొచ్చింది. తర్వాత ఫోన్‌లో వెతికితే, "బాగున్నారా?" అని పలకరించడానికి కూడా అదే మాటట. మళ్ళీ చేస్తే ఎవరూ ఎత్తట్లేదు.

ఫ్రెంచి వచ్చినవాళ్ళుంటే చెప్పండి. ఆవిడ చెప్పిందా, అడిగిందా?